పిల్లల మ్యూజియం: భవనం కంటే ముందు మూడో ఏటి లెక్క

(విశాఖపట్నం మధురవాడలో కాలనీ సంఘాల వారు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, దాన్ని ముందే చెప్పేస్తాను. పిల్లల మ్యూజియం భవనానికి చందా అడిగే ముందు, తలుపులు తెరిచిన మూడో ఏట జీతాలు ఎక్కడినుంచి వస్తాయో కాగితం మీద రాసుకోవాలి. మొదటి ఏడు కాదు, మూడో ఏడు. మొదటి ఏడు అందరూ వస్తారు. మంత్రులు వస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది, దాతలు పిలవకుండానే పలుకుతారు. మూడో ఏటికి సగం పరికరాలు అరిగిపోయి ఉంటాయి, దాతలు మరో పనికి వెళ్లిపోయి ఉంటారు. ఆ ఏడు నిలబడినది నిలబడుతుంది.

ముందు, పిల్లల మ్యూజియం అంటే ఏమిటో ఒక మాట అనుకుందాం. మన ఊళ్లో మ్యూజియంలు లేవా? ఉన్నాయి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఉంది. దాని ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 విమానం 2017లో వచ్చింది. అవన్నీ చూసేవి. పిల్లల మ్యూజియం చేసేది. అద్దాల పెట్టె ఉండదు, ‘ముట్టరాదు’ అనే బోర్డు ఉండదు. ఇలాంటిది ప్రపంచంలో మొదట బ్రూక్లిన్‌లో 1899లో వచ్చింది. 1913లో బోస్టన్‌లో ఒకటి పెట్టారు. పెట్టింది ఎవరో తెలుసా? సైన్సు టీచర్లు. ఇక్కడున్న మాస్టార్లు, టీచరమ్మలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అదే బోస్టన్ మ్యూజియానికి 1962లో మైకేల్ స్పాక్ డైరెక్టరయ్యాక వస్తువుల్ని అద్దాల పెట్టెల్లోంచి బయటికి తీసి పిల్లల చేతికిచ్చారు. మన దేశంలో కోల్‌కతాలో నెహ్రూ పిల్లల మ్యూజియం 1972 నుంచి ఉంది. కాబట్టి మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. చేసినవాళ్ల అనుభవం ఉంది, అందుకోవడమే.

ఇప్పుడు డబ్బు. ఎందుకు ముందే డబ్బు? మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి కాబట్టి.

ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోండి. 6,000 చదరపు అడుగుల చోటు అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 3,600 అడుగులు పిల్లలు ఆడే గది. మిగతాది టికెట్ల చోటు, మరుగుదొడ్లు, సామాను గది, వర్క్‌షాపు. మనిషికి 35 చదరపు అడుగులు వదిలితే ఒకేసారి వందమంది పడతారు. అంతకు మించి పంపితే పిల్లలు ఆడరు, తోసుకుంటారు. పన్నెండు మంది సిబ్బంది, సగటున నెలకి 20,000 అనుకుంటే ఏడాదికి 28 లక్షల 80 వేలు. కరెంటు నెలకి 60,000 చొప్పున 7 లక్షల 20 వేలు. పరికరాలకి కోటి రూపాయలు పెట్టామనుకోండి, ఏటా అందులో పదో వంతు మరమ్మతులకి పక్కన పెట్టాలి, అంటే 10 లక్షలు. శుభ్రత, నీళ్లు, కాపలా, బీమా కలిపి 8 లక్షలు. కాగితం, బంకమట్టి, రంగులు, జిగురు లాంటి రోజూ అయిపోయే సామాను 6 లక్షలు. మొత్తం 60 లక్షలు. ఏటా. భవనం ఖర్చు ఇందులో లేదు, అద్దె లేదు.

రాబడి చూడండి. ఏడాదికి 300 రోజులు తెరిచి, 75 రూపాయల టికెట్ పెట్టి, 40,000 మంది డబ్బిచ్చి వస్తే 30 లక్షలు. అంటే సగం. మ్యూజియం ప్రవేశ టికెట్‌కి జీఎస్టీ మినహాయింపు ఉంది, అది మనకి మంచిదే. లోపల పెట్టే దుకాణం అమ్మకాలకి ఉండదు, ఆ రెండు లెక్కలూ వేరుగా రాయాలి. మరి ఆ రెండో సగం ఎలా? టికెట్ 150 చేస్తే సరిపోతుంది కదా అంటారు ఎవరో ఒకరు. సరిపోదు. నలుగురున్న ఇంటికి 600 అవుతుంది. అప్పుడు ఆరిలోవ పిల్లవాడు రాడు, కొమ్మాది అపార్ట్‌మెంట్ పిల్లవాడు మాత్రమే వస్తాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడాలనే కదా ఇదంతా? కాబట్టి టికెట్ పెంచవద్దు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకి టికెట్ ఉండకూడదు, ఆ ఖర్చు దాత పేరున రాయాలి. బడికింత అని దాత ఇవ్వడం చాలా తేలిక.

రెండో సగానికి నాలుగు దారులున్నాయి: ఏడాది సభ్యత్వం, సెలవుల్లో వర్క్‌షాపులు, పుట్టినరోజులకి సాయంత్రం హాలు ఇవ్వడం, మూలనిధి, అంటే అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడుకునే నిధి. మొదటి మూడూ కలిపి 9 లక్షలు తేవచ్చు అనుకుందాం. మిగతా 21 లక్షలు మూలనిధి నుంచి రావాలి. 7 శాతం వడ్డీకి 3 కోట్ల మూలనిధి కావాలి. ఇది విని భయపడకండి. భవనానికి 3 కోట్లు ఇస్తామనేవారు దొరుకుతారు. వారితో కూర్చుని, సగం మూలనిధికి ఇమ్మని అడగాలి. ఇచ్చేటప్పుడు ‘ఇది మూలనిధికి’ అని దాత రాసి సంతకం పెట్టిన కాగితం తప్పనిసరి. ఆ కాగితం లేకపోతే అది మామూలు ఆదాయం కింద పడుతుంది. వడ్డీ ఎక్కువొస్తుందని ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు, ఆదాయపు పన్ను చట్టం చెప్పిన పెట్టుబడుల్లోనే పెట్టాలి.

ఇక సొసైటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. నియమావళిలో ఒక నిబంధన మరిచిపోతారు: సంస్థ మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, ఇలాంటి పనే చేసే మరో సంస్థకి వెళ్లాలి. ఇది లేకపోతే పన్ను మినహాయింపు నమోదు దగ్గర ఆగిపోతారు. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతకి మినహాయింపునిచ్చే 80జీ అని మనం అలవాటుగా పిలిచే ఆ రెండు నమోదులూ లేకుండా చందా పుస్తకం అచ్చు వేయకండి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు ఆడిటర్ దగ్గర సరిచూసుకోండి. రెండు వేలకి మించి నగదుగా ఇస్తే దాతకి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే రాదు. ఇది ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే దాత మనల్ని నమ్మడు, నమ్మకపోవడం న్యాయమే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపుతారు కదా అని చాలామంది అంటారు. ఇక్కడ జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవారు అక్కడినుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళం, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు కావాలి. సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. మీ అబ్బాయే పంపినా, ఆ నమోదు లేకుండా తీసుకుంటే నేరం. కాబట్టి చందా తీసుకునే ఫారంలో ‘ఏ దేశ పౌరులు’ అనే గడి ఉండాలి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే మాట, సీఎస్ఆర్, అంటే కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టడం. మన ఊళ్లో ఉక్కు కర్మాగారం ఉంది, రిఫైనరీ ఉంది, ఓడరేవు చుట్టూ ఎన్నో కంపెనీలున్నాయి, అడిగితే ఇవ్వరా? చట్టం చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. ఏ పనులకి ఖర్చు పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో విద్య ఉంది. బాగుంది. కానీ ఆ డబ్బు తీసుకునే సొసైటీకి అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. సీఎస్ఆర్-1 ఫారం కింద నమోదై ఉండాలి. అంటే ఈ రోజు పెట్టిన సొసైటీకి రేపు ఆ డబ్బు నేరుగా రాదు. ఎంత తిరిగినా రాదు. కంపెనీ అధికారి చిరునవ్వుతో టీ ఇచ్చి పంపుతారు, పాపం ఆయన తప్పేమీ లేదు.

మరో సంగతి. సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. అది నమోదైన ధార్మిక సంస్థ పేరునో, ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. కాబట్టి మన నగర కార్పొరేషన్ జీవీఎంసీ భవనంలో పనులు కంపెనీ చేయించి, ఆస్తి కార్పొరేషన్‌దిగా ఉంచి, నడిపే బాధ్యత సొసైటీకి ఒప్పందం మీద ఇవ్వడం ఒక దారి. అప్పుడు ఒప్పందంలో మరమ్మతులు ఎవరివి, కరెంటు బిల్లు ఎవరిది, కమిషనర్ మారితే ఏమిటి, ఇవన్నీ రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజు అయితే రిజిస్టర్ చేయించాల్సిందే. పదిహేనేళ్లకి తక్కువ లీజుకి పరికరాలు బిగించకండి.

చూశారా? ఎటు చూసినా మూడేళ్లు అడ్డం వస్తోంది. నా మాట వినండి, ఆ మూడేళ్లు మనకి మేలు చేసేవే. భవనం లేకుండా మ్యూజియం నడపాలి. మొదటి ఏడు పెట్టెలు. ఆరు పెట్టెలు, ఒక్కొక్కటీ ఇద్దరు మోయగలిగేది, ఆటో ట్రాలీలో పట్టేది. ఒక పెట్టెలో కప్పీలు, తాళ్లు. ఒకదాంట్లో నీళ్లు, తేలేవి, మునిగేవి. ఒకదాంట్లో ఏటికొప్పాక లక్కబొమ్మలు, అంకుడు కర్ర ముక్కలు, లక్క, రంగులకి వాడే ఆకులు, గింజలు. వారానికి రెండు బళ్లకి వెళ్లాలి. రెండో ఏడు శని, ఆదివారాలు ఏదైనా కమ్యూనిటీ హాలులో. మూడో ఏడు 1,500 అడుగుల అద్దె గది. ఈలోగా మూడేళ్ల ఆడిట్ లెక్కలు సిద్ధం, 15 లక్షల ఖర్చు సిద్ధం. అన్నిటికంటే ముఖ్యం, ఏ ఆట నిలుస్తుందో ఏది విరుగుతుందో తెలిసిపోతుంది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఓడరేవు క్రేన్ల ఊరు కాబట్టి కప్పీల కుర్చీలు పెడదాం అనుకోండి. మూడు కుర్చీలు: ఒకటి ఒంటి కప్పీతో, ఒకటి రెండు వరసల తాడుతో, ఒకటి నాలుగు వరసలతో. పిల్లవాడు కుర్చీలో కూర్చుంటే, పక్కన నిలబడ్డ స్నేహితుడు తాడు లాగి పైకెత్తుతాడు. 30 కిలోల పిల్లవాడిని ఒంటి కప్పీ మీద ఎత్తాలంటే 30 కిలోల బలం కావాలి. నాలుగు వరసలైతే రాపిడి తీసేస్తే ఏడున్నర కిలోలు చాలు, కానీ అడుగు ఎత్తుకి నాలుగు అడుగుల తాడు లాగాలి. ఇది వాడి చేతులకి అర్థమవుతుంది, ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మరి ఏం తప్పుతుంది? తాడు వదులైనప్పుడు కప్పీ గాడిలోంచి జారి పక్కన ఇరుక్కుంటుంది, అందుకే చుట్టూ మూసిన కప్పీలు కావాలి. తాడు కప్పీలోకి వెళ్లే చోట వేళ్లు నలుగుతాయి, అక్కడ చేయి అందకుండా గొట్టం పెట్టాలి. పిల్లవాడు ఒక్కసారి తాడు వదిలేస్తే కుర్చీ దబ్బున పడుతుంది, అందుకే 60 సెంటీమీటర్లకి మించి లేవకుండా ఆపు ఉండాలి, కింద పడే వేగాన్ని తగ్గించే గాలి సిలిండర్ ఉండాలి. తాడు ఎప్పుడు మార్చాలో తేదీ వేసిన చీటీ పక్కనే ఉండాలి. ఇవన్నీ కంప్యూటర్ బొమ్మలో కనిపించవు. అట్ట, చెక్క, తాడుతో పచ్చిగా కట్టి, పిల్లల్ని వదిలి, మనం నోరు మూసుకుని చూస్తే కనిపిస్తాయి. నోరు మూసుకోవడమే కష్టం. ‘ఇలా కాదమ్మా, అలా’ అన్నామా, ఆ పరీక్ష పోయినట్టే.

నీళ్ల బల్ల అంటే పిల్లలు ఎగబడతారు. పెట్టండి, తప్పకుండా పెట్టండి. లోతు 15 సెంటీమీటర్లు దాటొద్దు. రోజూ సాయంత్రం పూర్తిగా ఖాళీ చేయాలి. నిలవ నీరు అంటే దోమలు, దోమలంటే డెంగ్యూ, మనకి చెప్పక్కర్లేదు. నేల జారనిదై ఉండాలి, బల్ల చుట్టూ నీరు పోయే వాలు, కాలువ కట్టేటప్పుడే వేయాలి, తర్వాత వేస్తే నేలంతా పగలగొట్టాలి. బల్లకి దగ్గర్లో మామూలు కరెంటు ఉండకూడదు. పిల్లల చేయి తగిలే ప్రతి పరికరం 12 లేదా 24 వోల్టుల మీద నడవాలి, మెయిన్ లైన్లో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి.

కొలతలు రాసుకోండి. 8 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య సందు ఎక్కడా ఉండకూడదు, వేలు ఇరుక్కుంటుంది. 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య సందు ఉండకూడదు, ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. మూడేళ్ల లోపు పిల్లల చోటు వేరుగా ఉండాలి, అక్కడ 32 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే వస్తువేదీ ఉండకూడదు. గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు మొత్తం భవనంలోనే వద్దు. రంగు కొనేటప్పుడు సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) లోపు అని డబ్బా మీద ఉందో లేదో చూడండి. ర్యాంపు 1కి 12 వాలు, తలుపు 90 సెంటీమీటర్లు, చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడి మోకాళ్లు బల్ల కిందకి వెళ్లాలి. ఇది దయ కాదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. అమ్మమ్మలకి, తాతయ్యలకి వీపు ఆనే కుర్చీలు ప్రతి మూలా ఉండాలి. మన దగ్గర పిల్లల్ని తెచ్చేది సగం వాళ్లే, వాళ్లు అలిసిపోతే పిల్లవాడి ఆట కూడా అయిపోతుంది.

పలకల మీద రాతలు తెలుగులో ముందు, ఇంగ్లిష్ తర్వాత. నలభై మాటలు మించొద్దు. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఎడం కావాలి. డిజైనర్ ఇంగ్లిష్ కొలతలోనే తెలుగు పోస్తే ఒత్తులు కింది వరుస మీద పడతాయి.

స్థలం గురించి. లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగా ఉంది కదా, అందులో కడదాం అని ప్రతి కాలనీలోనూ అంటారు. వద్దండీ. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు జాగాని నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆసుపత్రికే కుదరనప్పుడు మనకెలా? సముద్రం కనిపించే చోటు కావాలని కూడా ఆశపడతారు. తీరం వెంట ఆటుపోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర ప్రాంత రక్షణ నిబంధనల కింద సీఆర్‌జడ్ అనుమతులు కావాలి. పైగా ఉప్పుగాలి. మామూలు ఇనుము ఏడాదిలో తుప్పు, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మచ్చలు పడుతుంది, 316 రకం వాడాలి. ప్లైవుడ్ భారత ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం తడికి తట్టుకునే మెరైన్ రకం వాడాలి, లేకపోతే పొరలు విడిపోతాయి. హుద్‌హుద్‌ తుపాను 2014 అక్టోబరు 12న ఈ ఊరి అద్దాలకి ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? మన ప్రాంతానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు తీసుకుని లెక్క కట్టమని ఐఎస్ 875 చెప్తుంది. నిలువెత్తు అద్దాల గోడ గీసుకొచ్చిన ఆర్కిటెక్టుని ఆ లెక్క చూపించమనండి. పాత బడో, పాత గోడౌనో మంచి నిర్మాణంతో దొరికితే కొత్త భవనం కంటే అదే మేలు.

మరమ్మతులకి బయటి రాష్ట్రం కంపెనీ మీద ఆధారపడొద్దు. టచ్‌స్క్రీన్లు వరసగా పెట్టి, అవి పాడైతే మూడు నెలలు నల్లగా ఉండటం ఎంతో చోట్ల చూస్తాం. ఫోను ఇంట్లోనే ఉంది, దానికి టికెట్ ఎందుకు? మన ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లున్నారు, వెల్డర్లున్నారు. ప్రతి పరికరం వాళ్లు విప్పి బిగించగలిగేలా, బోల్టులతో, బజార్లో దొరికే బేరింగులతో చేయించాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం పెట్టినప్పుడు వర్క్‌షాపుని దాచలేదు, వచ్చేవాళ్లకి కనిపించేలా ఉంచారు. మనమూ అలాగే ఉంచుదాం, మరమ్మతు చూడటం కూడా పిల్లలకి ఒక చదువే.

సిబ్బంది గురించి ఒక్క మాట. పదిహేను మంది పిల్లలకి ఒక మనిషి ఉండాలి. చేరే ముందు పోలీసు వెరిఫికేషన్ తప్పదు. ఏ పెద్దవారూ ఒక్క పిల్లవాడితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదనే నియమం అందరికీ, కమిటీ సభ్యులకి కూడా.

తెరవడం ఎప్పుడు? వేసవి సెలవుల్లో తెరవాలని అందరికీ ఉంటుంది. అప్పుడు తెరిస్తే మొదటి వారమే జనం తోసుకొచ్చి, లోపాలు సరిదిద్దే తీరిక లేకుండా పోతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. బళ్లు తెరిచాక జూలైలో, రోజుకి యాభై మంది పిల్లలతో, ఏ ఆర్భాటం లేకుండా మొదలుపెట్టండి. పరికరాల బడ్జెట్‌లో 15 శాతం అప్పటికి ఖర్చు పెట్టకుండా దాచండి, ఆ నెలలో తేలిన తప్పులు దిద్దడానికి. రిబ్బను ఆగస్టులో కత్తిరించుకోవచ్చు.

నియమావళి నమూనా, నేను చెప్పిన బడ్జెట్ కాగితం, పెట్టెల సామాను జాబితా ఈ బల్ల మీద పెట్టాను. ఏడుగురి పేర్లు ఈ రోజే తేలితే మంచిది. వారిలో ఒక ఆడిటర్, ఒక టీచరు, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేసినవారు ఒకరు తప్పకుండా ఉండాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు ఖర్చుల గురించి.